అద్దకం నీటికి ఐరన్ ఆక్సైడ్ కెటలిస్టు: రెండేళ్లు దాటాక నా సమీక్ష

గుంటూరు దగ్గర నూలు అద్దకం యూనిట్లో వ్యర్థజలాల శుద్ధి నా బాధ్యత. అల్యూమినా గింజలకు ఐరన్ ఆక్సైడ్ పూసిన కెటలిస్టును (తాను ఖర్చు కాకుండా చర్యను వేగంగా నడిపించే పదార్థం) హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి రెండేళ్లకు పైగా వాడాం. ఇనుము పెరాక్సైడ్‌ను విడగొడితే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే మహా చురుకైన కణాలు రంగు అణువులను ముక్కలు చేస్తాయి. ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త 1894లో ప్రకటించిన చర్యే ఇది. కాకపోతే ఇక్కడ ఇనుము నీటిలో కరగకుండా గింజనే అంటిపెట్టుకుని ఉండాలి. అందువల్ల బురద చాలా తక్కువ, ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. మొదటి ఏడాదంతా సీఓడీ (నీటిలోని మలినాలను ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) నిబంధన ప్రకారం లీటరుకు 250 మిల్లీగ్రాముల లోపే ఉంది.

ఆ తర్వాత పని మందగించింది. అయిదేళ్లు ఢోకా లేదని చెప్పి అమ్మినవారే కొత్త సరుకు వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది. గింజలు నింపిన దొంతర, అంటే బెడ్డు పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గుప్పెడేసి గింజలు తీసి తెల్లకాగితం మీద పోశాను.

కొత్త గింజలు ఇటుక రంగులో ఉంటాయి. పైవాటి మీద తెల్లటి పెచ్చు కట్టింది. పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయగానే బుసబుస పొంగింది, అంటే కాల్షియం కార్బొనేట్. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అద్దకంలో సోడా యాష్ తప్పదు. పీహెచ్ సరిచేసే ఆమ్లం పంపు మొరాయించిన పూట ఆ రెండూ కలిసి బెడ్డు మీదే గడ్డకడతాయి. మధ్య గింజలకు నల్లటి జిగురు పొర పట్టింది. సగం విరిగిన అణువులు ఒకదానికొకటి అతుక్కుని సూక్ష్మ రంధ్రాలను మూసేశాయి. దీన్ని గాలి తగిలేలా సుమారు 400 డిగ్రీల దగ్గర కాల్చి వదిలించవచ్చు. వేడి మితిమీరితే మాత్రం ఆక్సైడ్ రేణువులు కలిసి పెద్దవై, పనిచేసే ఉపరితలం తగ్గిపోతుంది.

నన్ను కలవరపెట్టింది అడుగు గింజలు. వాటికి పెచ్చూ లేదు, జిగురూ లేదు, రంగు వెలిసి ఉన్నాయి. రంగు అణువులు విరగ్గా విరగ్గా చివరికి మిగిలేవి ఆక్సాలిక్ వంటి చిన్న ఆమ్లాలు. అవి ఇనుమును పట్టుకుని గింజలోంచి బయటికి లాగేస్తాయి. బయటికొచ్చే నీటిని ఆమ్లీకరించి థయోసయనేట్ కలిపితే ఎర్రబడింది, అంటే అందులో ఇనుము కరిగి ఉంది. ఇందులో పెద్ద మోసం ఉంది: కరిగిన ఇనుము కూడా పెరాక్సైడ్‌తో చర్య జరుపుతుంది కాబట్టి, గింజ ఖాళీ అవుతున్నంత కాలం ఫలితాలు బాగానే కనిపిస్తాయి. పెచ్చు పోతుంది, జిగురు కాలుతుంది, కరిగిపోయిన ఇనుము మాత్రం తిరిగి రాదు.

అన్ని నేరాలూ కెటలిస్టువి కావు. నీటిలోని బైకార్బొనేట్, అద్దకానికి వేసే ఉప్పులోని క్లోరైడ్ రాడికల్స్‌ను మింగేస్తాయి. నీటిలో కరగని వ్యాట్ రంగులను కరిగించడానికి వాడే హైడ్రోసల్ఫైట్ మిగిలి ఉంటే పెరాక్సైడ్‌ను ముందే తినేస్తుంది. మరో ముఖ్యమైన సంగతి: నీటిలో మిగిలిన పెరాక్సైడ్ సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ను ఖర్చుచేసి అంకెను పెంచి చూపిస్తుంది. దాన్ని కేటలేజ్ ఎంజైముతో తొలగించాకే నమూనాను పరీక్షకు పెట్టాలి.

ఇప్పుడు హైడ్రోసల్ఫైట్ నీళ్లను వేరే ట్యాంకులో గాలి కొట్టించాకే బెడ్డుకు పంపుతున్నాం, ఆమ్లం పంపు ఆగితే ప్రవాహమూ ఆగేలా అమర్చాం. పైగింజలను పల్చటి ఆమ్లంతో క్లుప్తంగా కడిగాం, మధ్యవాటిని కాల్పించాం, అడుగువాటిని మార్చేశాం. పని మళ్లీ గాడిన పడింది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. కొనేవారు అమ్మకందారును ఆయుష్షు గురించి కాదు, శుద్ధయిన నీటిలో లీటరుకు ఎంత ఇనుము దిగుతుందో అడగండి. ఆ పరీక్షకు మీ ట్యాంకులోని నీళ్లే వాడాలని పట్టుబట్టండి. మంచినీళ్లలో ఒక్క రంగు కలిపి చూపిస్తామంటే ఒప్పుకోకండి.