మారిషస్‌లో ఒక్క పూట మిగిలితే ఇల్-ఓ-ఎగ్రెట్‌కే వెళ్ళండి

మారిషస్ ప్యాకేజీల్లో షమారెల్ ఏడురంగుల మట్టి, ఇల్-ఓ-సెర్ఫ్ బీచ్ ఉంటాయి. ఇల్-ఓ-ఎగ్రెట్ అనే చిన్న దీవి కావాలంటే మనమే అడిగి బుక్ చేసుకోవాలి. మేం బస చేసింది ఆగ్నేయ తీరంలోని మాహెబూర్ ఊళ్ళో. విమానాశ్రయానికి దగ్గర, ఉత్తరాన ఉన్న గ్రాండ్ బే అంత హడావిడి లేదు. గది ఇరుకు, ఏసీకి గోల ఎక్కువ. వీధి బండి మీద ధోల్ పురీ మాత్రం అద్భుతం, తీపి లేని బొబ్బట్టే అనుకోండి.

దగ్గర్లోని పాయింట్ జెరోమ్ తీరం నుంచి దీవికి పడవలో కాసేపే. దీవి మొత్తం 26 హెక్టార్లు. గైడ్ లేకుండా తిరగనివ్వరు, అదే మంచిదయింది. ఒకప్పుడు వంటచెరుకు కోసం నరికేసిన ఈ అడవిని మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్ళు మళ్ళీ పెంచుతున్నారు. ముందు ఎలుకల్ని లేకుండా చేశారు, బయటి మొక్కల్ని పీకేశారు, తర్వాత స్థానిక జాతులు నాటారు. ఇక్కడి ఎబొనీ చెట్టు మన తునికికి దాయాదే. దాని పళ్ళు తిని గింజలు చల్లే స్థానిక పెద్ద తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. అందుకని ఆ పని చేయడానికి సీషెల్స్‌కు చెందిన అల్డాబ్రా పెద్ద తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి దారికి అడ్డంగా పడుకుంటే మనమే చుట్టూ తిరిగి వెళ్ళాలి!

మారిషస్‌లో మాత్రమే ఉండే గులాబీ పావురం ఒకటి తల పైన కొమ్మ మీదే వాలింది. 1990 ప్రాంతంలో అడవిలో ఇవి పది దాకా మాత్రమే మిగిలాయట, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. 2020లో వాకాషియో అనే సరుకు ఓడ నుంచి చమురు కారింది ఈ దీవి పక్కనే. అప్పుడు కొన్ని జీవుల్ని, మొక్కల్ని వేరేచోటికి తరలించారు.

పాంప్లెమూస్ బొటానికల్ తోట అందంగానే ఉంది, ఫొటోలకు బాగుంటుంది. కానీ అక్కడి పేద్ద కలువాకులు అమెజాన్‌వి, ఇక్కడివి కావు. బ్లాక్ రివర్ గార్జెస్ నేషనల్ పార్కులో వ్యూపాయింట్ దగ్గర ఆగి వచ్చేస్తే ఏమీ తెలియదు. ఆ పచ్చదనంలో చాలా భాగం బ్రెజిల్ నుంచి వచ్చిన జామ పొదలే. 1974లో అడవుల్లో నాలుగే మిగిలాయని లెక్కతేలిన మారిషస్ కెస్ట్రెల్ డేగ తిరిగి నిలదొక్కుకున్నదీ ఈ కొండల్లోనే. చూడాలనుంటే పొద్దున్నే వెళ్ళి నడవాలి. మాకైతే కనబడలేదు.

దీవికి వెళ్ళేవాళ్ళు దోమల క్రీము, టోపీ, నీళ్ళు పెట్టుకోండి. ఈత కొడదామనుకునే పిల్లలకు బోర్ కొడుతుంది, వాళ్ళకు బ్లూ బే బీచ్ చాలు.