పాత బ్రౌజరులో చూపించి అమ్మే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో జాగ్రత్త

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లు నడిపే వారందరికీ ఈ హెచ్చరిక. బెజవాడ నుంచి వచ్చి కొట్టుకొట్టుకూ తిరిగి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక పేరు రాయడం లేదు. పోయిన వారం 18,000 రూపాయలు మొత్తం ముందే ఇచ్చి కొన్నాను. నిన్న మొదటి లాటుకే మోసం బయటపడింది.

టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర ఎక్కించాము. తెర మీద అంకెలన్నీ సరిగ్గా కనిపించాయి, కాని అచ్చయి వచ్చిన పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క కాగితంలో, ఆ మూడు గళ్లూ ఖాళీగా ఉన్నాయి. రాత్రంతా లారీలో సరుకుతో పాటు కూర్చుని వచ్చిన రైతు ఆ కాగితాన్ని తిప్పి చూసి, "నా తూకం ఏదండీ?" అని అడిగినప్పుడు నాకు మాట రాలేదు.

ఫోను చేస్తే, "మా దగ్గర బాగానే నడుస్తోంది, మీ క్రోమ్‌లోనే లోపం ఉంది, పాతది వేసుకోండి" అని పెట్టేశాడు. సాయంత్రం బెజవాడ వెళ్లి, నాకు పనితీరు చూపించిన ల్యాప్‌టాప్‌నే అతని చేత తెరిపించాను. అందులో ఉన్నది క్రోమ్ 42. అప్‌డేట్లు రాకుండా ఆపి, దానిలోనే అందరికీ చూపిస్తున్నాడు. తెలిసే చేశారా అని అడిగితే, "కొనేముందు చూసుకోవాల్సింది మీరు" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

లోపం క్రోమ్‌ది కాదు. పేజీలోని ప్రతి గడినీ బ్రౌజర్ స్క్రిప్టుకు ఒక వస్తువుగా (ఆబ్జెక్టుగా) చూపిస్తుంది, ఆ ఏర్పాటే డామ్. గడిలోని విలువ వంటి డామ్ గుణాలను పాత క్రోమ్ ఆ గడి వస్తువు మీదే సొంత ప్రాపర్టీలుగా ఉంచేది. బ్రౌజర్లు ఇలాంటి గుణాలను ఎలా అందించాలో చెప్పే వెబ్ ఐడీఎల్ ప్రమాణం ప్రకారం అవి ఆ రకం గళ్లన్నీ పంచుకునే ప్రోటోటైప్ అనే ఉమ్మడి వస్తువు మీద, విలువను చదివే గెట్టర్, మార్చే సెట్టర్ల రూపంలో ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌లో అప్పటికే అలా ఉండగా, 2015లో వచ్చిన 43వ వెర్షన్‌తో క్రోమ్ కూడా ఆ దారికి వచ్చింది. ఇతని స్క్రిప్టు ప్రతి గడినీ హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీతో ప్రశ్నించి, విలువ దాని సొంతమైతేనే పట్టీలోకి ఎక్కిస్తుంది. క్రోమ్ 42 అవునంటుంది, 43 నుంచి ప్రతి వెర్షనూ కాదంటుంది, తూకం జారిపోతుంది. ఆ ఒక్క ప్రశ్న స్థానంలో, విలువ గడి సొంతమైనా ప్రోటోటైప్ నుంచి వచ్చినా అవుననే ఇన్ ఆపరేటర్ పెడితే ఈ లోపం సరిపోయేది. అంత చిన్న మార్పు కూడా చేయకుండా, ఎప్పుడో మారిన పద్ధతి మీద రాసిన సరుకును కొత్తదని అంటగట్టాడు.

కంప్యూటర్లు చదువుకున్న నేను అతని ల్యాప్‌టాప్‌ను నమ్మి, మా కొట్టు కంప్యూటర్లో ఒక్క పట్టీ అయినా తీయించకుండా డబ్బు ఇవ్వడం నా తప్పే. అన్నయ్యకు ముఖం చూపించలేకపోతున్నాను.

అతను మీ కొట్టుకు వస్తే, ముందుగా మీ కంప్యూటర్లోనే, ఇవాళ్టి క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఒక పట్టీ అచ్చు తీయమనండి. డబ్బు సంగతి ఆ తర్వాతే మాట్లాడండి.