బహుమతి రానిదే బాగుంది: బెర్లియోజ్ పోటీ కాంటాటాలు

ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ అనగానే పాశ్చాత్య సంగీతం వినేవాళ్లకు 1830 నాటి ‘సింఫొనీ ఫాంటాస్టిక్’ గుర్తొస్తుంది. 1827 నుంచి 1830 దాకా ఏటా ప్రి ద రోమ్ అనే యువ కళాకారుల పోటీకి ఆయన రాసిన కాంటాటాల (ఆర్కెస్ట్రాతో కలిపి గొంతుతో పాడే కథాగీతాల) జోలికి మాత్రం పెద్దగా ఎవరూ పోరు. కొన్నేళ్లుగా నాలుగూ వింటున్నాను. వాటిలో ‘క్లియోపాత్రా మరణం’ ఒక్కటే ఇప్పటికీ పాతబడలేదు.

ప్యారిస్‌లో కళల అకాడమీ ఈ పోటీ నడిపేది. ఫైనల్‌కు వచ్చినవాళ్లను గదుల్లో పెట్టి తాళం వేసేవారు. అందరికీ ఒకే కవిత ఇచ్చి బాణీ కట్టమనేవారు. సమస్య వాళ్లది, పూరణ వీళ్లది. విచిత్రం ఏంటంటే, రాయమనేది ఆర్కెస్ట్రాకు, తీర్పు చెప్పేది పియానో మీద విని! పైగా ఓటు వేసేవాళ్లలో చిత్రకారులు, శిల్పులు కూడా ఉండేవారు. 1827లో ‘ఓర్ఫియస్ మరణం’ దగ్గర పియానో ఆయన చేతులెత్తేస్తే, ఇది వాయించడానికి వీలుకాదని జడ్జీలు తేల్చేశారు. నిజానికి దాని చివరి రెండు మూడు నిమిషాలు ఎంత బాగుంటాయో! బెర్లియోజే ఆ భాగాన్ని తర్వాత ‘లెలియో’ అనే తన మరో రచనలో వాడుకున్నాడు.

1828 నాటి ‘ఎర్మినీ’కి రెండో బహుమతి వచ్చింది. మొదట్లోనే ఆర్కెస్ట్రాలో వచ్చే బాణీ వినగానే ఉలిక్కిపడతారు. ‘ఫాంటాస్టిక్’లో ప్రియురాలి బాణీ అదే. ఆ సరదా తీరాక మధ్యలో కాస్త సాగదీతగా అనిపిస్తుంది. ప్రార్థన భాగం మాత్రం వదలొద్దు.

ఇక 1829 నాటి క్లియోపాత్రా. ఇరవై నిమిషాల పైచిలుకు, ఒకే గొంతు. మధ్యలో ఆమె ఫారోలను, అంటే ఈజిప్టు పూర్వరాజులను తలుచుకుని, మీ సమాధుల్లోకి నన్ను రానిస్తారా అని అడుగుతుంది. కింద తీగవాద్యాలను విల్లుతో కాకుండా వేళ్లతో మీటుతుంటారు. ఆ నడకలో భయం ఉంది. చివర్లో పాము కాటు తర్వాత పాట పాటగా ఉండదు, మాటలు ముక్కలైపోతాయి, మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యాలు, డబుల్ బాస్‌లు తడబడతాయి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఇదంతా గోవిందా, మంచి హెడ్‌ఫోన్స్ ఉండాలి. ఫ్రెంచ్ రాకపోతే ముందే అనువాదం చదువుకోండి. ఆ ఏడాది మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. జడ్జీల్లో ఒకరైన స్వరకర్త బోయెల్ద్యూ మర్నాడు దారిలో కనబడి, తనకు జోకొట్టే సంగీతం ఇష్టమన్నాడట. విషం ఎక్కి చనిపోయే రాణి జోలపాట ఎలా పాడుతుందో ఆయనే చెప్పాలి.

రికార్డింగుల్లో నా ఓటు జానెట్ బేకర్‌కే. జెస్సీ నార్మన్ గొంతులో రాజసం ఎక్కువ, కానీ ఆ చివరి నిమిషాల్లో బేకర్ గొంతు తగ్గించిన తీరు నార్మన్‌లో నాకు దొరకలేదు. ‘ఎర్మినీ’ కూడా బేకర్ పాడింది.

చివరికి 1830లో మొదటి బహుమతి తెచ్చింది ‘సార్డనపాలస్’ అనే రాజు కథ. రాజభవనం తగలబడే ఘట్టాన్ని జడ్జీలు బెదురుతారని పోటీలో రాయకుండా, గెలిచాక కలిపాడు. ఇప్పుడు మిగిలింది ఒక ముక్కే. ఏదో చరిత్ర కోసం ఒకసారి వినొచ్చు, నేనైతే వచ్చినప్పుడల్లా స్కిప్ కొట్టేస్తాను.