ఆన్‌లైన్ ఎంబీఏ: హన్మకొండలో చదివి, ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చాక నా అభిప్రాయం

హన్మకొండలో ఒక ట్రాక్టర్ల షోరూంలో లెక్కలు చూస్తూనే, 2022 నుంచి 2024 వరకు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారి ఆన్‌లైన్ ఎంబీఏ, ఫైనాన్స్ ప్రధానాంశంగా పూర్తి చేశాను. నాలుగు సెమిస్టర్లకు కలిపి 1,60,000 రూపాయలు కట్టాను. ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కనుక సంస్థ పేరు చెప్పడం లేదు. పాఠాల నాణ్యత గురించి ఒక్క మాట చాలు: కాస్టింగ్, వర్కింగ్ క్యాపిటల్ బాగా చెప్పారు, మార్కెటింగ్ చదివి వినిపించారు. ఈ పట్టాను ఉద్యోగం ఇచ్చేవారు ఏ దృష్టితో చూస్తున్నారన్నదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

చేరేటప్పుడు కౌన్సెలర్ ఫోనులో పదేపదే చెప్పిన మాట, ఈ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని. అది అబద్ధం కాదు. గుర్తింపు పొందిన సంస్థలు ఇచ్చే ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలను రెగ్యులర్ డిగ్రీలతో సమానంగా పరిగణించాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తన 2020 నిబంధనలను ఉటంకిస్తూ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. అయితే ఆ సమానత్వం గుర్తింపుకు సంబంధించినది మాత్రమే. ఇద్దరు అభ్యర్థుల్లో ఎవరిని తీసుకోవాలన్నది ప్రైవేటు యజమాని ఇష్టం. కౌన్సెలర్ ఈ రెండో సగం చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ప్రాంతంలో దూరవిద్య కొత్తది కాదు. 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారానో, కాకతీయ విశ్వవిద్యాలయం దూరవిద్య కేంద్రం ద్వారానో ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకే ఆన్‌లైన్ అనగానే చాలామంది యజమానులు దాన్ని ఆ పాత పద్ధతితోనే జత కట్టి, ఆదివారం తరగతులు, పరీక్షల ముందు గైడ్లు అనుకుంటారు. మా షోరూం యజమాని కూడా అలాగే అనుకుని, ‘సర్టిఫికెట్ కోసమే కదా’ అన్నారు. రెండేళ్లు రాత్రి పదకొండు దాకా కూర్చుని చదివినవాడిగా ఆ మాటకు నాకు నిజంగా బాధ కలిగింది.

పట్టా వచ్చాక మూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. హైదరాబాద్‌లోని మొదటి సంస్థలో నా మార్కుల మెమో తిరగేసి, వెనక ‘ఆన్‌లైన్’ అని ఉన్న చోట వేలు పెట్టి, ‘పరీక్షలు ఇంట్లోనే రాశారా?’ అని అడిగారు. కెమెరా ముందు, గది మొత్తం చూపించి, పర్యవేక్షణలోనే రాశానని చెప్పాను. ఆ తర్వాత పెద్దగా ప్రశ్నలు రాలేదు. రెండో చోట రెగ్యులర్ ఎంబీఏ వారినే తీసుకుంటామని ముందే చెప్పేశారు. దానికి నేను వారిని తప్పుపట్టను, కానీ ఆ మాట ప్రకటనలోనే రాసి ఉంటే ఒకరోజు సెలవు మిగిలేది.

మూడోది వరంగల్‌లోని ఒక ఆసుపత్రి అకౌంట్స్ విభాగం. అక్కడి అధికారి మెమోను పక్కన పెట్టి నా ప్రాజెక్టు గురించి అడిగారు. మా షోరూంకు రావలసిన విడిభాగాలు, సర్వీసు బిల్లుల బాకీలను ముప్పై రోజులు, అరవై రోజులు, తొంభై రోజులు దాటినవిగా విడగొట్టి, వసూళ్లు ఏ నెలల్లో ఆగిపోతున్నాయో నేను పట్టిక వేశాను. రైతు పత్తి వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు చేరి డబ్బు చేతికి వచ్చేదాకా మా బాకీ కదలదు కాబట్టి, వానాకాలంలో ఇచ్చిన అప్పుకు దసరా తర్వాతి గడువు పెట్టాలని అందులో సూచించాను. ఆయన దాదాపు ఇరవై నిమిషాలు ఆ పట్టిక మీదే మాట్లాడి, ‘మా దగ్గర బీమా కంపెనీల నుంచి రావలసిన డబ్బుకు ఇదే పద్ధతి వాడగలరా?’ అని అడిగారు. ఆ ఉద్యోగమే వచ్చింది.

నాకు అర్థమైనంతలో, పనిలో ఉంటూ చదివినవారికి ఈ చదువు ఉపయోగపడుతుంది, ఎందుకంటే చదివినదాన్ని పనిలో చూపించగలరు. డిగ్రీ అవగానే, అనుభవం లేకుండా, దీనితో మొదటి ఉద్యోగం సంపాదించుకుందామనుకునేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. క్యాంపస్ నియామకాలు ఇందులో ఉండవు. ‘ప్లేస్‌మెంట్ సహాయం’ పేరుతో నాకు వచ్చింది నెలకోసారి కొన్ని ఉద్యోగ ప్రకటనల లింకులే.

ఈ సంస్థ సేవలో అన్నిటికంటే పెద్ద లోపం చివర్లో బయటపడింది. ఆసుపత్రి వారు నా పట్టా నిజనిర్ధారణకు పంపితే, జవాబు రావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. నేను ఏడుసార్లు ఫోను చేశాను. చేరవలసిన తేదీ రెండుసార్లు వాయిదా పడింది. యజమాని అనుమానం తీర్చవలసిన ఘట్టంలో విశ్వవిద్యాలయమే ఆలస్యం చేస్తే ఆ అనుమానం పెరుగుతుంది. కాబట్టి ఫీజు కట్టే ముందు, మీరు చేరే కోర్సుకూ, ఆ విద్యా సంవత్సరానికీ గుర్తింపు ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో చూసుకోండి. అలాగే, పట్టా నిజనిర్ధారణకు ఎన్ని రోజుల్లో జవాబిస్తారో కౌన్సెలర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.