సంక్రాంతికి ఫ్యామిలీ ఫోటో: గోదావరి గట్టా, కొబ్బరి తోటా, వీధరుగా?

డిసెంబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "పండక్కి అందరం అమలాపురం దగ్గర మా ఊరొస్తున్నామండీ, ఫ్యామిలీ ఫోటో ఎక్కడ తీయిస్తే బాగుంటుంది?" అడిగేవాళ్ల మనసులో గట్టో తోటో అప్పటికే ఉంటుంది. నేను మాత్రం ముందు మీ ఇల్లు ఏ ముఖమని అడుగుతాను.

గట్టు అందమే. కానీ బోడసకుర్రు వైపు గోదావరి పాయ వైనతేయ గట్టున సాయంత్రం పొద్దు అవతలి ఒడ్డున వాలుతుంది. వెనక నది రావాలంటే వెలుగూ వెనకే ఉంటుంది, ముఖాలు నల్లబడతాయి. పొద్దు దిగాక మెత్తటి వెలుగు ఓ పావుగంట దొరుకుతుంది. జంటకైతే చాలు. ఇరవై మందిని సర్దేసరికి చీకటి పడిపోతుంది.

తోటలో ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది. కిందటేడు ఒక ఇంట్లో పట్టుబట్టి అక్కడే తీయించుకున్నారు. తాతగారి ముఖమంతా నీడ, నుదుటి మీద మాత్రం అరచేయంత ఎండ. ఎంత ఎడిట్ చేసినా ఆ మచ్చ పోలేదు. ఆ ఫోటో నాకిప్పటికీ బాధే. అన్నట్టు, కాయలు దింపించని చెట్ల కింద పిల్లల్ని అసలు నిలబెట్టకండి.

నా ఓటు వీధరుగుకే. తూర్పు వాకిలి ఇల్లయితే మూడున్నరకల్లా అరుగంతా ఇంటి నీడలోకి వస్తుంది. ఎదురుగా ఆకాశం తెరిచి ఉంటుంది కాబట్టి ఆ వెలుగు అందరి ముఖాల మీదా ఒకేలా పడుతుంది, ఎవరూ కళ్లు చిట్లించరు. పిల్లలు మెట్ల మీద, పెద్దవాళ్లు అరుగు మీద, మిగతావాళ్లు వెనక నిలబడితే మూడు వరసలూ వాటంతటవే కుదురుతాయి. మూడు వరసల్లోనూ ఫోకస్ ఉండాలని లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 8 పెడతాను. వైడ్ లెన్సు వాడితే చివర నిలబడ్డవాళ్లు సాగిపోతారు, అందుకే 50 ఎంఎం పెట్టుకుని వీధి అవతలికి వెళ్లి తీస్తాను.

ఒక మామ్మగారు తాను రోజూ కూర్చునే చోటే కూర్చుని, అలవాటుగా స్తంభం మీద చెయ్యి వేశారు. ఆ స్తంభం సరిగ్గా అక్కడే నున్నగా అరిగి ఉంది. మరుసటి ఏడు ఆ పెంకుటిల్లు తీసేసి డాబా కట్టారు. ఆవిడ చెయ్యీ, ఆ స్తంభమూ ఆ ఫోటోలోనే మిగిలాయి.

పడమటి వాకిలైతే మంచు విడిచాక ఉదయం పెట్టుకోండి. డ్రోన్‌లో ఇల్లూ తోటా వస్తాయి, ముఖాలు రావు. సరదాకి ఒకటి చాలు.

కనుమ నాడు మాత్రం వద్దు, జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి, అంటే జాతరకి, వెళ్లే జనంతో దారులన్నీ నిండిపోతాయి. భోగి నాడు, పిల్లలకు భోగిపళ్లు పోయడానికి ఓ గంట ముందు, అందరినీ అరుగు మీదికి పిలవండి.