సన్‌రూఫ్ సర్వీస్: ఏ పనికి డబ్బు ఇవ్వచ్చు, ఏది వద్దనాలి

వానాకాలం ముందు హైదరాబాద్ గ్యారేజీల్లో చేసే సన్‌రూఫ్ సర్వీస్‌లో మామూలుగా నాలుగు పనులుంటాయి: డ్రెయిన్ పైపుల శుభ్రం, గ్లాసు జారే పట్టాలకు గ్రీజు, బీడింగ్‌కి (గ్లాసు చుట్టూ ఉండే రబ్బరు అంచు) పాలిష్, గ్లాసు రీసెట్. డబ్బు పెట్టాల్సింది మొదటి రెండిటికే.

లోపల తడి కనపడగానే బీడింగ్ పోయిందంటారు. అసలు బీడింగ్ ఒక్కటే నీటిని పూర్తిగా ఆపదు. దాన్ని దాటొచ్చిన నీరు గ్లాసు చుట్టూ ఉన్న కాలవలో పడి, మూలల్లోని రంధ్రాల గుండా సన్నటి పైపుల్లోకి దిగి, కారు కిందికి పోతుంది. కోకాపేట, నార్సింగి వైపు కట్టడాల దుమ్ముకి చెట్టు కింద రాలిన వేపాకు, వేపపూత తోడైతే ఆ రంధ్రాలు బురదతో పూడుకుపోతాయి. అప్పుడు నీరు రూఫ్ లైటు దగ్గరో, ముందు కార్పెట్‌లోనో తేలుతుంది. చాలా కార్లలో ఆ కార్పెట్ కిందే వైరింగ్ వెళ్తుంది, అందుకే వాసన మొదలయ్యేదాకా ఆగకూడదు.

బీడింగ్ చుట్టూ సిలికాన్ సీలెంట్ పూస్తామంటే ఒప్పుకోకండి. గ్లాసు అతుక్కుంటుంది, తెరిచినప్పుడు బీడింగ్ చిరుగుతుంది. పూడిన పైపు పూడినట్టే ఉంటుంది.

ఎయిర్ గన్‌తో ఫుల్ ప్రెషర్ కొట్టడం ఇంకో తప్పు. జాయింట్ దగ్గర పైపు ఊడిందంటే నీళ్లన్నీ పిల్లర్ (రూఫ్‌ని మోసే స్తంభం) లోపలే పడతాయి, సరిచేయాలంటే రూఫ్ లైనింగ్ దించాలి. గ్లాసు పూర్తిగా తెరిచి, మూలలు వ్యాక్యూమ్ చేసి, గడ్డి కోసే మిషన్‌కి వేసే 2 మి.మీ. నైలాన్ తీగని కొన నున్నగా చేసి, మెల్లగా తిప్పుతూ తోయాలి. ఇనుప తీగైతే పైపుకి చిల్లు పడుతుంది. కొన్ని కార్లలో పైపు చివర రబ్బరు మూతి ఉంటుంది, బురద ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. వేళ్లతో నలిపితే వదులుతుంది.

తర్వాత ఒక్కో మూలలో 100 మి.లీ. నీళ్లు నిదానంగా పోయించండి. అదే వైపు కారు కింద ధార పడాలి. బొట్లు బొట్లుగా వస్తే అడ్డు ఇంకా ఉన్నట్టే. మీ ఎదురుగా ఈ పరీక్ష చేసే గ్యారేజీనే ఎంచుకోండి.

గ్రీజు పని కూడా అవసరమే, పాతది తుడిచాక పూస్తేనే. దుమ్ము కలిసిన గ్రీజు పట్టాల్ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. ఆ రాపిడికే గ్లాసు సగం మూసుకుని మళ్లీ వెనక్కి వెళ్తుంది, ఏదో అడ్డొచ్చిందని మోటారు అనుకుంటుంది. బీడింగ్‌కి తగలకుండా సన్నటి పొర చాలు. మామూలు ఛాసిస్ గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది కాబట్టి సిలికాన్ గ్రీజే అడగండి.

బీడింగ్ పాలిష్‌కి విడిగా డబ్బు దండగ. సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి, మూడు నెలలకోసారి ఇంట్లోనే తుడుచుకోవచ్చు. గ్లాసు మీద నేరుగా కొడితే మరకలు పడతాయి. రీసెట్‌కీ అంతే. బ్యాటరీ మార్చాక ఒక్క నొక్కుకి మూసుకోకపోతే, చాలా మోడళ్లలో క్లోజ్ బటన్ నొక్కిపట్టి ఉంచితే సరిపోతుంది. ఎన్ని సెకన్లన్నది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది.