బ్లూగ్రాస్ మాండలిన్: ఎఫ్ ఆకృతా, ఏ ఆకృతా?

అమెరికా జానపద సంగీత శైలి అయిన బ్లూగ్రాస్ కోసం మాండలిన్ కొనదలచినవారి చూపు మొదట ఎఫ్ ఆకృతి మీదే పడుతుంది. గిబ్సన్ సంస్థలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో 1922లో వచ్చిన ఎఫ్-5 దానికి మూలం; ఈ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో దశాబ్దాల పాటు 1923 నాటి ఎఫ్-5 వాయించడంతో ఆ రూపమే ప్రమాణమైపోయింది. అయితే ఎఫ్ వాద్యపు ఒంటిపై చుట్ట తిరిగిన స్క్రోల్‌నూ, అంచు మొనలనూ చెక్కే శ్రమంతా ధరలో చేరుతుందే గాని, నాదంలో వాటి పాత్ర స్వల్పం.

నీటిబొట్టులా ఉండే ‘ఏ’ ఆకృతిలో ఆ అలంకారాలు ఉండవు. ఈస్ట్‌మన్ సంస్థ ఎండీ 305 (ఏ), ఎండీ 315 (ఎఫ్) రెండింటినీ అఖండ స్ప్రూస్, మేపుల్ చెక్కలతోనే చేస్తుంది. ‘ఏ’ ఆకృతి ధర మాత్రం స్పష్టంగా తక్కువ. అదే డబ్బుకు ఎఫ్ కావాలని పట్టుబడితే, పొరలు అతికించిన చెక్కతో సరిపెట్టుకోవలసి రావచ్చు. డ్రమ్ములు లేని బ్లూగ్రాస్ బృందంలో తాళానికి ఎదురుదెబ్బగా మాండలిన్ వేసే పొడి ‘చాప్’ గట్టిగా పలకాలంటే, చెక్కి మలచిన పైపలకే ముఖ్యం. కాకపోతే ‘ఏ’ ఆకృతిలోనూ పైపలకపై ఎఫ్ అక్షరం ఆకారపు రంధ్రాలున్నదే ఎంచుకోవాలి. అండాకారపు రంధ్రమున్నవాటి నాదం మృదువుగా, దీర్ఘంగా సాగి చాప్‌ను పలుచన చేస్తుంది.

మనకు మాండలిన్ అనగానే గుర్తొచ్చే పాలకొల్లు యు. శ్రీనివాస్ వాయించినది విద్యుత్ వాద్యం కనుక ఈ లెక్కలు దానికి వర్తించవు.

పట్టీ తగిలించుకోవడానికి స్క్రోల్ అనువైనదే, ఎఫ్‌కు మారుబేరంలో గిరాకీ కూడా ఎక్కువే. అయినా నా మొగ్గు ‘ఏ’ ఆకృతి వైపే. మిగిలిన సొమ్ముతో తీగలను మోసే బ్రిడ్జినీ, తీగల ఎత్తునూ నిపుణుడి చేత సరిచేయించుకోవచ్చు.